గాజుపెట్టెలో నూతిగోడ

మా పుట్టినింటి నూతిని గత వేసవిలో పూడ్చివైచిరి. ఇంట కొళాయి వచ్చిన పిదప దానిని చేదువారు లేరైరి. అయినను దాని రాతికట్టు సందులలో పెరిగెడు హంసపాదిని, నాచును నశింపనీయుటకు నాకు మనసొప్పలేదు. తడిగుడ్డలో చుట్టి తెచ్చికొంటిని.

గాజుపెట్టెలో మొక్కలను పెంచుట నూతన విద్య కాదు. 1829లో లండను వైద్యుడు నథానియేల్ వార్డు, మూసిన సీసాలో నొక చిమ్మటగూటిని పరీక్షించుచుండగా, అందలి తడిమట్టిలో ఫెర్ను మొక్కయు గడ్డియు మొలచెను. మట్టినుండి లేచిన యావిరి గాజునకు తగిలి చల్లబడి మరల మట్టిని చేరుటయే యందలి రహస్యము. పిమ్మట నిట్టి పెట్టెలలోనే చీనా తేయాకు మొక్కలు హిమాలయ ప్రాంతములకు వచ్చినవి.

అడుగున గులకరాళ్లు, వానిపై బొగ్గుముక్కలు, ఆపై కొబ్బరిపొట్టు కలిపిన మట్టి పరచితిని. వెనుకగోడ మాత్రము అచ్చముగా మా నూతివలె నుండవలెనని థర్మోకోలు పలకను రాళ్ల వరుసలుగా చెక్కి సిమెంటు పూసితిని. చూచినవారెల్ల మెచ్చిరి, నాచు మెచ్చలేదు! పది దినములలో నల్లబడెను. పచ్చి సిమెంటులోని సున్నపు ఘాటు తడితో దిగి మొక్కలను దహించునని యప్పుడు తెలిసినది. పలకను పెకలించి, దినదినము నీరు మార్చుచు మూడు వారములు తొట్టిలో నానవైచితిని. “బడిపిల్లల పరీక్షలకు నేనైన నింత శ్రమపడలేదే!” యని మావారు పరిహసించిరి. వారికేమి, ఆ నూతినీరు త్రాగి పెరిగినవారు కారు.

అదృష్టవశమున హంసపాది దుబ్బొకటి వేరుగా కుండలో నుంచితిని. దానినే మరల నాటి, పెట్టెను ఎండ నేరుగా తగులని కిటికీకడ చేర్చితిని. నిన్న దాని నడుమ, ముడుచుకొనియున్న లేత చిగురొకటి తలయెత్తినది. ఆదివారమునకు రమ్మని మా అమ్మకు కబురంపితిని.