వెనక వినిపించే ఊపిరి

చిన్నప్పుడు నాన్న ముఖం కంటే ఆయన ఊపిరే నాకు బాగా తెలుసు. సైకిల్ ముందు గొట్టం మీద తువ్వాలు మడిచి కూర్చోబెట్టేవారు. నా కళ్లెదుట హ్యాండిలూ, దాని మీద ఆయన చేతులూ మాత్రమే ఉండేవి. ఎత్తు రాగానే నా మాడు మీద ఆయన ఊపిరి వెచ్చగా తగిలేది. దారి ఎంత ఎత్తుందో రోడ్డు చూసి కాక, ఆ ఊపిరి విని తెలుసుకునేవాణ్ణి.

ముప్పయ్యేళ్ల తరవాత, కిందటి డిసెంబరులో మళ్లీ విన్నాను, ఈసారి ఇద్దరం చెరో సైకిల్ మీద. విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా అరకు. అక్కణ్ణుంచి పాడేరు, చింతపల్లి, లంబసింగి. నర్సీపట్నం వైపు దిగి మళ్లీ ఇంటికి. మొత్తం 300 కిలోమీటర్లు దాటుతుంది. ఆయనకి 64 ఏళ్లు. కొత్తవలస-కిరండూల్ లైన్లో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దింపడానికి 1960ల్లో జపాన్ సహకారంతో కొండల్ని తొలిచి వేసిన లైను అది. ఈ ప్రయాణం మాట ఎత్తగానే ఆయన అన్నది ఒకటే: "కొండని కడుపులోంచి చూశాన్రా. వీపు మీంచి చూళ్లేదు."

శృంగవరపుకోట దాటాక ఘాట్ రోడ్డు మొదలైంది. గేర్ల సైకిల్ ఆయనకి కొత్త. ముందు చిన్న పళ్లచక్రం, వెనక పెద్దది పడితే కాలు ఎక్కువసార్లు తిరుగుతుంది, బండి తక్కువ దూరం కదులుతుంది, బరువు మాత్రం తేలికవుతుందని చెప్పాను. రెండు మలుపులు తొక్కి చూసి తలూపారు. "రైలుకి ఈ కొండలో అరవై అడుగులకి ఒక్క అడుగే ఎత్తు. ఈ రోడ్డేసినోడికి అంత దయ లేదు" అన్నారు.

మొదట్లో నా వేగం నాదే అన్నట్టు తొక్కాను. మూడో మలుపు తిరిగేసరికి వెనక చప్పుడు లేదు. సైకిల్ దిగి నిలబడ్డాను. కాసేపటికి ఆయన వచ్చి, "ఏట్రా, ఆగిపోనావు?" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అయినా నాకు సిగ్గేసింది. అప్పటినుంచి ఆయన ఊపిరి చెవిని పడేంత దూరంలోనే ఉన్నాను. అది సాఫీగా, పొడుగ్గా సాగితే కాళ్లు కుదురుకున్నట్టు. పొట్టిగా తెగుతుంటే నేను ఒక గేరు తగ్గించాలి. మధ్యలో ఎక్కడైనా పట్టేసిందా, వెంటనే ఏ చెట్టు కిందో ఆగాలి. ముందున్నవాడు వెనకున్నవాడి ఊపిరితో తొక్కాలి. కొండ దారిలో నేను నేర్చుకున్నది ఇదే.

మా ఇంట్లో నాన్నకీ నాకూ మధ్య మాటలు మొదట్నుంచీ తక్కువే. ఇంట్లో ఆ మౌనం బరువుగా ఉండేది. ఎత్తు ఎక్కేటప్పుడు ఎవరికీ మాట్లాడే ఊపిరి మిగలదు కాబట్టి అక్కడ ఎవరి మీదా నింద లేదు.

టైడా దాటాక ఒక మలుపులో, లోయ అవతల ఖనిజం బండి కనబడింది. కొండలోంచి బయటికొచ్చి, మళ్లీ కొండలో దూరింది. చివరి పెట్టె మాయమయ్యేదాకా ఆయన కదల్లేదు. తరవాత చెప్పారు. వానాకాలం రాత్రుళ్లు లాంతరు పట్టుకుని పట్టాల వెంట నడిచేవారట, పైనుంచి బండరాళ్లేమైనా జారిపడ్డాయేమో చూడ్డానికి. ఆ రాత్రుళ్లు నేను ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకునుంటాను.

"భయమెయ్యలేదా నాన్నా?"

"ఎయ్యకేం? గట్టిగా ఊపిరి తీసుకుంటా నడిచీవోణ్ని. అదినబడతా ఉంటే పక్కన ఇంకో మనిషున్నట్టు ఉండీది."

అనంతగిరి దాటాక కాఫీ తోటల దగ్గర నా వెనక టైరు పంక్చరైంది. సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకి ఉన్నాయి, వాటి నీడలో కాఫీ పళ్లు ఎర్రగా పండి ఉన్నాయి. ట్యూబు ముంచి చూడ్డానికి నీళ్లు లేవు. ఆయన దాన్లోకి గాలి కొట్టి, కళ్లు మూసుకుని, చెంపకి దగ్గరగా కొద్దికొద్దిగా జరుపుకుంటూ పోయారు. ఒకచోట ఆగి, "ఇదిగో" అన్నారు. ఉప్పుకాగితంతో గీకి, సొల్యూషన్ రాసి, ముక్క అంటించారు.

సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడ స్టేషను ఆయనకి ఏళ్లతరబడి తెలుసు. రైలు మోసుకెళ్లే ఆ ఎత్తుకి ఈసారి సొంత కాళ్ల మీద చేరారు. అరకులో వలిసె పూల పసుపు మధ్య కాళ్లు చాపుకుని కూర్చుని, తన మోకాళ్లని తనే మెచ్చుకోలుగా తడుముకున్నారు.

నాలుగో రోజు తెల్లారి లంబసింగిలో బయల్దేరాం. కొర్రబయలు అని ఇంకో పేరున్న ఊరు. బయటుంటే కొర్రులా బిగుసుకుపోతారని ఆ పేరట. మంచులో పది అడుగుల అవతల రోడ్డు లేదు. ఇక దిగుడే. రిమ్ములు వేడెక్కకుండా ముందు బ్రేకు కాసేపు, వెనక బ్రేకు కాసేపు పట్టమని ఆయనకి చెప్పి ముందు కదిలాను. దిగుడులో శ్రమ లేదు, ఊపిరి చప్పుడూ లేదు. చెవుల నిండా గాలి హోరే. వెనక్కి చూస్తే తెల్లటి గోడ. గుండె జారింది.

అప్పుడు వినబడింది, ట్రింగ్ ట్రింగ్. ఎదురుగా బండి లేదు, దారిలో పశువూ లేదు. మరో మలుపులో మళ్లీ కొట్టారు. నేనూ కొట్టాను. ఎండ వచ్చేదాకా అలాగే దిగాం, మలుపు మలుపుకీ ఆయన ఒకసారి, నేను ఒకసారి.