కంటికి గానరాని వెలుగు

హైదరాబాదు నగరమున అమీర్‌పేట పేరెరుగని విద్యార్థి అరుదు. మైత్రీవనము చుట్టునుగల సందులలో కంప్యూటరు విద్య గరపు సంస్థలు క్రిక్కిరిసి యున్నవి. అచ్చటినుండి పంజాగుట్ట మెట్రో రైలులో ఒక్క స్టేషను దూరము. ఆ పంజాగుట్టలో తన నాయనమ్మ యొద్ద నుండి, ప్రతిదినము అమీర్‌పేటకు పోయి చదువుకొను బాలిక యొకతె యుండెను.

నాయనమ్మ పక్షవాతముచే మంచము పట్టినది. ఆమెకు కుడిచేయి కదలదు. పాట వినవలెనన్నను, విన్నపిదప దానిని ఆపవలెనన్నను ఒకరిని పిలువవలసినదే. "మాటిమాటికి నిన్ను చదువుమీదనుండి లేపుచున్నానే తల్లీ!" యని ఆమె నొచ్చుకొనెడిది. రాను రాను పాట యడుగుటయే మానివేసెను. ఆ మౌనము మనుమరాలి మనస్సును కలచివైచెను.

ఇంటిలో పాతబడిన టెలివిజను రిమోటు ఒకటి పడియుండెను. బాలిక యొద్ద రాస్ప్‌బెర్రీ పై అను చిన్న కంప్యూటరు కలదు. బాలబాలికలకు కంప్యూటరు విద్య చౌకగా అందవలెనని ఇంగ్లండులో రూపొందిన ఈ యంత్రము 2012 ఫిబ్రవరి 29న తొలిసారిగా విక్రయమునకు వచ్చినది. అది అరచేతిలో ఇముడును. ఈ రెండింటిని కలిపిన నాయనమ్మ కోరిక తీరునని ఆమెకు తోచెను.

రిమోటునుండి వెలువడునది పరారుణ కాంతి. 1800లో విలియం హెర్షెల్ అను శాస్త్రజ్ఞుడు సూర్యకాంతిని పట్టకము గుండ పంపి, ఎరుపురంగునకు ఆవల ఏమియు కనబడనిచోట ఉష్ణమాపకము నుంచెను. అచ్చట వేడిమి మరింత హెచ్చెను. కంటికి గానరాని వెలుగు కలదని అట్లు తెలిసినది.

సూర్యుని కాంతిలోను పరారుణ కిరణము లున్నప్పుడు రిమోటు మాటను యంత్రము పోల్చుకొనుట యెట్లు? రిమోటు తన కాంతిని సాధారణముగా సెకనునకు 38,000 సార్లు మినుకుమినుకు మనిపించును. రిసీవరు ఆ మినుకును మాత్రమే గ్రహించి, తక్కిన వెలుగును విడిచిపెట్టును. పెక్కు రిమోటులు వాడు ఎన్.ఇ.సి. పద్ధతిలో మొదట 9 మిల్లీసెకనుల కాంతి, పిదప 4.5 మిల్లీసెకనుల విరామము, ఆ వెనుక 32 చిన్న సంజ్ఞలు వచ్చును. కాంతి వెంట విరామము పొట్టిదైన సున్న, పొడుగైన ఒకటి. ఒక్కొక్క మీటకు ఒక్కొక్క సంఖ్య యుండును.

రిసీవరునకు మూడు కాళ్లు. బాలిక విద్యుత్తు కాలును కంప్యూటరులోని 1వ పిన్నునకు, భూమి కాలును 6వ దానికి, సంకేతపు కాలును 12వ దానికి కలిపెను. ప్రక్కనే యున్న 2వ పిన్ను 5 వోల్టులది. కంప్యూటరు సంకేతపు పిన్నులు 3.3 వోల్టులకు మించి సహింపవు. కనుక ఆమె లెక్కించి, మరల లెక్కించి తీగలు తగిలించెను. పిదప అమరికల ఫైలులో ఒక పంక్తి చేర్చెను.

మీట నొక్కగా ఏమియు జరుగలేదు. రిమోటు చెడినదేమోయని ఫోను కెమెరాతో చూచెను. తెరపై ఊదారంగు చుక్క మెరసెను. రిమోటు మంచిదే. తీగలను చూచెను, అవియు సరియే. ఫైలును మరల చదువగా తాను 12 అని వ్రాసియుండుట కనబడెను. వరుసలో 12వది యైన ఆ పిన్నును కంప్యూటరు 18 అని పిలుచును! అంకె సవరించి, యంత్రమును మరల నడిపింపగా, మీటల సంఖ్యలు తెరపై వరుసగా కానవచ్చినవి. ఒక సంఖ్యకు పాట, ఒకదానికి విరామము, మరియొకదానికి పిలుపుగంట కేటాయించెను.

అయినను పని ముగియలేదు. నాయనమ్మ ఎడమచేతి వ్రేళ్లు వణకుచు ఒక మీటకు బదులు వేరొకదానిని నొక్కుచుండెను. బాలిక మూడు మీటలు మాత్రము కనబడునట్లు రిమోటునకు అట్టముక్క అంటించెను. ఈమారు వ్రేలు తప్పలేదు. గదిలో పాట మ్రోగెను.

"ఇక నీవు చదువుకో తల్లీ! కావలసినప్పుడు నేనే పెట్టుకొందును" అని ముసలమ్మ పలికెను. ఆ సాయంకాలము ఆమె అదే పాటను నాలుగుమార్లు పెట్టెను, నాలుగుమార్లు ఆపెను, ఎవరిని పిలువలేదు.

రోగికి సేవచేయుట గొప్ప గుణమే. కాని తన పనిని తానే చేసికొనగల అవకాశము నిచ్చుట అంతకంటె గొప్ప సేవ.