గ్యాస్ నొప్పి

మాది దువ్వూరు. నేను టెన్త్‌లో ఉన్నప్పుడు ఒకరోజు మా అబ్బ మడి కాడ నుంచి వచ్చి, ఛాతీ పట్టుకొని అరుగు మీద కూర్చున్నాడు. తాతని మేం అబ్బ అనే అంటాం. ఒళ్లంతా చెమటలు. "గ్యాస్ లేరా అబ్బీ, రోంత సోడా తాగితే పోతుంది" అన్నాడు. నేనే పరిగెత్తి సోడా తెచ్చినా. రెండు గంటల తర్వాత ఆటోలో ప్రొద్దుటూరుకు బయల్దేరినాం. దారిలోనే పోయినాడు.

ఈ ఏడాది మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కి అప్లై చేశా. వస్తే రెండు నెలలు ఒక సైంటిస్టు దగ్గర పని చేయొచ్చు. "సీఎస్‌వాడివి, గుండెతో నీకేం పనిరా?" అని రూమ్మేట్ నవ్వాడు.

కానీ ఈసీజీ అంటే కంప్యూటర్‌కి నంబర్ల వరసే కదా. ఎంఐటీ-బీఐహెచ్ డేటాబేస్‌లో 47 మందివి 48 రికార్డింగులు ఉన్నాయి. ఒక్కోటి అరగంట, సెకనుకి 360 నంబర్లు. అన్నీ 1975-79 మధ్య బోస్టన్‌లో తీసినవి. ఫ్రీగా దొరుకుతాయి. లయ తప్పిన బీట్‌ని పట్టుకునే కోడ్ రాశా. అది పని చేసిన రాత్రి సంతోషం కన్నా ఏడుపే ఎక్కువొచ్చింది. మా అబ్బకి అసలు ఈసీజీనే తీయలేదు. ఆరోజు ఆయనకి కావాల్సింది కోడ్ కాదు, "లే, ఆసుపత్రికి పోదాం" అనే మనిషి.

అప్లికేషన్‌లో ఇదేమీ రాయలేదు. ఇంగ్లీషులో నీట్‌గా వేరే ఏదో రాశా. అందుకే ఇక్కడ, నాకొచ్చిన తెలుగులో రాస్తున్నా.

ఫెలోషిప్ వస్తుందో రాదో. ఈసారి ఊరికి పోయినప్పుడు మాత్రం, చదువురాని మా జేజికి ఫోన్‌లో 108 నొక్కడం నేర్పిస్తా. మీరూ మీ ఇంట్లో నేర్పించండి.