గోడ మీది గీత

నది ఒడ్డున వెలసిన ఊళ్లు నదివైపు ముఖం పెట్టి జీవిస్తాయి. గోదావరి తీరంలోని ధర్మపురి అటువంటి ఊరు. అక్కడ నరసింహస్వామి దర్శనానికి వచ్చినవారు ముందుగా నదిలో స్నానం చేస్తారు. పన్నెండేళ్లకు ఒకసారి పుష్కరాలు వస్తే ఊరంతా నదీతీరానికే చేరుతుంది. ఆ ఊరిలో పుట్టి పెరిగిన ఒక మాస్టారు 1960 దశకంలో ఉద్యోగరీత్యా హైదరాబాదుకు వచ్చి, చిక్కడపల్లిని ఆనుకొని ఉన్న అశోక్‌నగర్‌లో స్థిరపడ్డారు. కొత్తలో రాత్రివేళ ఇంటి వెనుకనుంచి నీటి చప్పుడు వినబడేది. అదేమిటని అడిగితే పొరుగువారు, "నాలా" అని ఒక్క మాటలో చెప్పి ఊరుకున్నారు. నీరు ఇంటి ముందు ఉండే ఊరినుంచి వచ్చిన ఆయనకు, నీరు ఇంటి వెనుక ఉండడం వింతగా తోచింది.

ఆ నాలాకు పెద్ద చరిత్రే ఉన్నది. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలనలో, 1562లో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్‌సాగర్ నిర్మాణం జరిగింది. హైదరాబాదు నగరానికి పునాది పడినది 1591లో. అంటే నగరంకంటే చెరువే ముందు పుట్టింది. మూసీనది నీటిని బల్కాపూర్ కాలువ ద్వారా మళ్లించి ఆ చెరువును నింపారు. పల్లెటూళ్లలో చెరువు నిండి అలుగు పారితే ఆ నీరు వాగై దిగువకు సాగిపోతుంది. హుస్సేన్‌సాగర్ అలుగునీరు కూడా అంతే. కవాడిగూడ, దోమల్‌గూడ, అశోక్‌నగర్‌ల పక్కగా ప్రవహించి, నల్లకుంట, గోల్నాకల మీదుగా సాగి మళ్లీ మూసీలోనే కలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ వాడపల్లి వద్ద కృష్ణను చేరుతుంది. ఈ సుదీర్ఘ ప్రయాణంలో చిక్కడపల్లి ప్రాంతం ఒక మజిలీ. మాస్టారు ఈ సంగతులన్నీ తెలుసుకున్నది చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలోనే.

నిజానికి ఆ ప్రాంతం జ్ఞాపకాలకు నిలయం. తెలుగులో చదువు చెప్పడమే కష్టమైన నిజాం పాలనలో, 1928లో, మాడపాటి హనుమంతరావు ఆంధ్ర బాలికోన్నత పాఠశాలను స్థాపించారు. నారాయణగూడలో నేటికీ ఆ పాఠశాల ఆయన పేరుతోనే ఉన్నది. న్యాయమూర్తి కేశవరావు కొరట్కర్ స్మారకంగా 1940లో వెలసిన విద్యాసంస్థ కూడా అక్కడే ఉన్నది. సాయంకాలమైతే త్యాగరాయ గానసభలో సంగీతం వినబడుతుంది. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వద్ద సినిమాహాళ్ల ముందు జనం బారులు తీరుతారు. పోటీ పరీక్షలకు సిద్ధమయ్యే యువతీయువకులు రాష్ట్రం నలుమూలలనుంచి అశోక్‌నగర్‌కు వచ్చి ఇరుకు గదుల్లో ఉంటూ, పగలంతా గ్రంథాలయంలో గడుపుతారు. మనుషుల పేర్లను, వారి సేవలను ఇంత శ్రద్ధగా గుర్తు పెట్టుకున్న ప్రాంతం నీటి దారిని మాత్రం మరచిపోయింది.

ఆ మరపులో మాస్టారికీ భాగం ఉన్నది. ఆయన ఏటా తరగతిలో 1908 సెప్టెంబరు 28నాటి మూసీ వరదను గురించి చెప్పేవారు. ఆ ఒక్క విపత్తులో సుమారు పదిహేను వేలమంది మరణించారని, అటుపైన మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు ఏర్పడ్డాయని వివరించేవారు. నదికి చోటివ్వకపోతే నదే చోటు చేసుకుంటుందని పిల్లలకు చెప్పేవారు. అయినా 1980 దశకంలో ఇంటి వెనుక స్నానాలగది కట్టించినప్పుడు గోడను రెండడుగులు నాలావైపుకు జరిపించారు. అటు ఇంటివారూ ఇటు ఇంటివారూ అప్పటికే ఆ పని చేసి ఉన్నారు. తానొక్కడూ వెనుక ఉండిపోవడం ఎందుకని ఆయనకు అనిపించింది. ఇచ్చిన కొలతకు మేస్త్రీ గోడ కట్టాడు. పాఠం చెప్పినవారికి పాఠం గుర్తు రాలేదు.

2000 ఆగస్టు 24న హైదరాబాదులో ఒక్కరోజులోనే సుమారు 24 సెంటీమీటర్ల వర్షం కురిసింది. హుస్సేన్‌సాగర్ నాలా పొంగి పరిసరాల్లోని లోతట్టు కాలనీలను ముంచెత్తింది. మాస్టారి ఇంట్లోకి నీరు వచ్చినది వీధివైపునుంచి కాదు, స్నానాలగదివైపునుంచి. నడుము లోతు నీటిలో కుటుంబమంతా మేడమీదికి చేరింది. ముప్పై ఏళ్లపాటు కూడబెట్టిన పుస్తకాల పెట్టె కింద గదిలోనే ఉండిపోయింది. మూడో రోజు నీరు తీసిన తరువాత పెట్టె తెరిస్తే కాగితాలు ముద్దలై చేతికి అంటుకున్నాయి. వాటిలో గ్రంథాలయంనుంచి తెచ్చిన పుస్తకం కూడా ఒకటి. దానిని ఎండబెట్టి, అట్ట సరిచేసి, రుసుము చెల్లించడానికి మాస్టారు స్వయంగా తీసుకువెళ్లారు.

ఇల్లు మరమ్మతు చేయించినప్పుడు ఆయన వెనుక గోడను పడగొట్టించి, పాతచోటనే కట్టించారు. "మీరొక్కరు రెండడుగులు వదిలితే నాలా వెడల్పవుతుందా సార్?" అని పొరుగింటాయన నవ్వారు. "కాదు. కాని ఇకమీదట ఆ రెండడుగులకు నేను జవాబు చెప్పుకోనక్కరలేదు" అన్నారు మాస్టారు. అంతేకాదు, ముందుగదిలో నీరు నిలిచిన ఎత్తున మిగిలిన మట్టి చారను చెరపవద్దని రంగులు వేసేవారికి చెప్పారు. ఆ తరువాత ఎన్నిసార్లు గోడకు రంగు వేసినా ఆ గీత అలాగే ఉన్నది.

మనవరాలికి అయిదేళ్లప్పుడు, "తాతయ్యా, గోడంతా శుభ్రంగా ఉంటే ఇక్కడ మాత్రం మరకెందుకు?" అని అడిగింది. "అది మరక కాదమ్మా, నీటి సంతకం" అన్నారాయన. నల్లకుంట పేరులో కుంట, మాసాబ్ ట్యాంక్ పేరులో చెరువు మిగిలాయి గాని నేలమీద అవి లేవని చెప్పారు. పేరు మాత్రమే మిగిలితే అది చరిత్ర. నీరు కూడా మిగిలితే అది జీవితం అని వివరించారు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో చోంగ్యేచోన్ అనే వాగును కప్పివేసి రహదారి కట్టారని, తరువాత ఆ రహదారిని తొలగించి 2005లో వాగును మళ్లీ వెలుగులోకి తెచ్చారని వార్తాపత్రికలో చదివి వినిపించారు. మన నాలా పక్కన కూడా అలా నడవగలమా అని ఆమె అడిగితే, అందుకు చాలామంది రెండడుగులు వెనక్కు జరగాలి అన్నారు.

2020 అక్టోబరు 13 రాత్రి నగరంపై మళ్లీ కుండపోత వర్షం కురిసింది. మనవరాలు అప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నది. నాలా హోరు పెరగగానే ఆమె ఒకసారి గోడమీది గీతను చూసింది. ఎవరూ చెప్పకముందే కింది అరలలోని పుస్తకాలను, ఇంటి కాగితాలను మేడమీదికి చేర్చింది. వృద్ధురాలైన పొరుగింటావిడను చేయి పట్టుకొని పైకి తీసుకువచ్చింది. ఆ రాత్రి నీరు గుమ్మం మెట్టు వరకు వచ్చి ఆగింది. తెల్లవారిన తరువాత మాస్టారు కిందికి దిగి, మెట్టుమీది ఒండ్రును చేత్తో తాకి చూశారు.

ఆ తరువాత నాలా వెంట రక్షణ గోడల పనులు చేపట్టారు. 2023లో ఇందిరా పార్కునుంచి ఉక్కు వంతెన వచ్చింది. దానిమీద వెళ్లేవారికి కింది వీధులు క్షణంలో దాటిపోతాయి, వాటి వెనుక పారే నీరు కనబడనే కనబడదు. అయినా ఒక ఇంటిలో, గోడమీద, నడుము ఎత్తున ఒక గీత ఉన్నది. కొత్తగా వచ్చినవారు అదేమిటని అడిగితే ఇప్పుడు జవాబు చెబుతున్నది మనవరాలు. ఆమె ఆ నీటిని నాలా అనదు. "మా ఇంటి వెనుక వాగు" అంటుంది.