లిపికరుని తప్పు

తెలుగు పంతులు అనగానే చాలామందికి ఎర్రసిరా కలమే జ్ఞాపకం వస్తుంది. మూడు దశాబ్దాలకు పైగా ఆ కలం పట్టినవాణ్ణి కనుక తప్పులను గురించి నాలుగు మాటలు రాసే చనువు తీసుకొంటున్నాను. దిద్దవలసిన తప్పులను గురించి అందరూ చెబుతారు. దిద్దే వీలు లేని తప్పును వెంటబెట్టుకొని పని ఎలా ముగించాలో మా కర్నూలు జిల్లాలో ఒక బండరాయి చెబుతోంది.

గుత్తి నుండి పత్తికొండకు పోయే దారిలో ఎర్రగుడి అనే పల్లె ఉంది. అక్కడి గుట్టమీది బండలపై క్రీస్తుపూర్వం 3వ శతాబ్దపు అశోకుని శాసనాలున్నాయి. 1920ల చివర అవి లోకం దృష్టికి వచ్చాయి. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. 14 పెద్ద శిలాశాసనాలూ, వాటితోపాటు చిన్న శిలాశాసనాలూ ఒకే తావున ఉండటం ఆ గుట్టకున్న విశేషం.

చిన్న శాసనాన్ని చెక్కిన తీరు విచిత్రంగా ఉంటుంది. బ్రాహ్మి ఎడమనుండి కుడికి నడిచే లిపి. ఇక్కడ మాత్రం కొన్ని పంక్తులు కుడినుండి ఎడమకు నడుస్తాయి, రైతు సాలు చివర మడక తిప్పుకొని ఎదురు సాలు పట్టినట్లు. పోనీ, ఒకటి విడిచి ఒకటి తిరిగాయా అంటే, మొదట్లో కనిపించే ఆ వరుస కూడా పోనుపోను చెదిరిపోతుంది. కొన్ని మాటలు తమ చోటు తప్పి, ఖాళీ దొరికిన చోట ఇరుక్కొని ఉన్నాయి. ఇది కావాలని చేసిన ప్రయోగమా, చేతి తడబాటా అని పండితులు తర్జనభర్జనలు పడ్డారు.

ఏదైనా కానీయండి, రాతిమీద కొట్టివేత లేదు. ఉలి జారితే జారినట్లే. ఆ లిపికరుడు చోటు వెతుక్కొని, దారి మళ్లించుకొని, చెప్పవలసినది చెప్పి ముగించాడు. రెండువేల రెండువందల యేండ్ల తరువాత కూడా మనం దాన్ని చదువుకొంటున్నాం.

అదే గుట్టమీద ఉన్న 14వ శాసనం నాకు ఇంకా ఇష్టం. దాని సారాంశం ఇది: ఈ ధర్మలిపిని కొన్నిచోట్ల సంక్షేపంగా, కొన్నిచోట్ల మధ్యమంగా, కొన్నిచోట్ల విస్తారంగా రాయించాను, కొన్ని సంగతులను వాటి మాధుర్యం వల్ల మళ్లీ మళ్లీ చెప్పాను, ఎక్కడైనా అసంపూర్తిగా ఉంటే అది చోటును బట్టి కావచ్చు, లిపికరుని అపరాధం వల్లనూ కావచ్చు. సామ్రాజ్యమేలే చక్రవర్తి తన శాసనంలోనే తప్పుకు ఒక పీట వేశాడు. ఆ లిపికరుణ్ణి శిక్షిస్తానని గానీ, మళ్లీ చెక్కిస్తానని గానీ ఆ మాటల్లో ఎక్కడా లేదు.

నాకొక మిత్రుడుండేవాడు. ఆదోని వైపు పల్లెలో పంతులు. ఛందస్సు ఆయనకు కరతలామలకం. నలభై యేండ్లు ఒక శతకం రాస్తూనే ఉన్నాడు. పద్యం వినిపిస్తే బాగుందనేవాళ్లం. మరునాటికి ఒక యతి రుచించక కాగితం చింపేసేవాడు. "అచ్చులో తప్పు పడిందంటే చచ్చినాక గూడా తలవంపే గద సామీ" అనేవాడు. ఆయన పోయిన తరువాత కొడుకు ఒక ట్రంకుపెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో పూర్తి పద్యాలు పదకొండు. మిగిలినవన్నీ తొలి పాదాలే. ఒక్కొక్క పాదం ఎంత బాగుందో! రెండో పాదం ఎట్లా ఉండేదో ఇక ఎవరూ చెప్పలేరు.

దీనికి ఎదురు కథ మన సాహిత్యంలోనే ఉంది. తిక్కన సోమయాజి భారతం చెబుతుంటే కుమ్మరి గురునాథుడు రాసేవాడట. కవి ఆగరాదు, లేఖకుడు ఆగరాదు, అదీ కట్టుబాటు. ఒకచోట తిక్కనకు మాట తోచలేదు. ఇక నేనేమి చెప్పేది గురునాథా, అన్న ధోరణిలో లేఖకునితో వాపోయాడు. గురునాథుడు ఆ మాటలనూ రాసేశాడు. తీరా చూస్తే గణాలు సరిపోయాయి, అర్థమూ కుదిరింది. అది సంజయుడు ధృతరాష్ట్రునితో మాట్లాడే ఘట్టం. 'కురునాథా' అనే పిలుపులోని కకారం ద్రుతం మీద సరళాదేశం పొంది గకారమవుతుంది. నోరు తడబడిన మాట వ్యాకరణసమ్మతమైన సంబోధన అయి కూర్చుంది. ఇది చాటుకథే కావచ్చు. కవిబ్రహ్మకే మాట తోచని క్షణం ఒకటి ఉండి తీరాలని మన పెద్దలు కోరుకొన్నారు కాబోలు, లేకపోతే తరతరాలుగా దీన్ని చెప్పుకొని ఉండరు.

కడపలో బ్రౌను దొర బంగళాలో పండితులు తాళపత్ర ప్రతులను పోల్చి చూసి పాఠాలు సరిచేసేవారు. ఆ ప్రతుల చివర, చూసినది చూసినట్లు రాశాను, తప్పులుంటే నన్ను నిందించకండి అని వేడుకొన్న లేఖకులెందరో! వారి తప్పులే పాఠాంతరాలై పరిష్కర్తలను వేధించాయి, నిజమే. కానీ తప్పు పడుతుందేమోనని వారు గంటం పట్టకుండా ఉంటే, పోల్చి చూసుకోవటానికి ప్రతులే మిగిలేవి కావు.

ఇదంతా చదివి, యతిప్రాసలు నేర్వని బద్ధకానికి నేను వత్తాసు పలుకుతున్నానని అనుకోకండి. నేర్వకుండా రాసి స్వేచ్ఛ అనటం వేరు, నేర్చిన చేయి జారటం వేరు. రెండో దానికి భయపడితే పని ముందుకు సాగదు.

మిత్రుని కొడుకు ఆ పద్యాలను అచ్చు వేయించాలనుకొంటున్నాడు. పాదాలతో సహా అన్నీ ఉన్నవి ఉన్నట్లుగా వేయమన్నాను. పదకొండో పద్యంలో ఒకచోట యతి తప్పింది. అది చింపివేతకు ఎలా తప్పించుకొన్నదో గానీ, పక్కన పెన్సిలుతో ఒక సున్న చుట్టి ఉంది. సరిచేసి ఇవ్వమని అబ్బాయి అడిగాడు. నా ఎర్రసిరా కలం మూత తీయలేదు. ఆ సున్నతో సహా అట్లాగే ఉంచమన్నాను.