ఆర్కాటు నవాబుగారి కరెంటు

కరెంటు పోవడం మా తరం తెలుగువాళ్ళకి కష్టం కాదు, కాలక్షేపం. వేసవి రాత్రి ఫ్యాను ఆగగానే వీధంతా అరుగుల మీదికి చేరడం, ట్రాన్స్‌ఫార్మర్ పేలిందని ఒకరు, కాదు ఫ్యూజు పోయిందని ఇంకొకరు తీర్పులు చెప్పడం, లైన్‌మ్యాన్ ఇంటికి ఓ కుర్రాణ్ణి సైకిలు మీద తరమడం, కరెంటు రాగానే ఊరంతా ఒక్కసారి ‘హే’ అని అరవడం. ఈ అనుభవమంతా అమెరికా వచ్చాక దండగైపోయిందనుకున్నాను. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో అక్కరకొచ్చింది.

మేముండేది డాలస్‌కి ఉత్తరంగా. ఇక్కడి ఇళ్ళు ఎండని తట్టుకోడానికి కట్టినవి. చలి సంగతి ఎవరూ పట్టించుకోలేదు, నీళ్ళ గొట్టాలు కూడా అటక మీదుగానే పోతాయి. ఆ ఆదివారం మంచు కురిసింది, పిల్లలు ఫోటోలు దిగారు. అర్ధరాత్రి దాటాక కరెంటు తీసేశారు. మంగళవారం పొద్దున డాలస్ విమానాశ్రయంలో మైనస్ 19 డిగ్రీలు. 1949 తర్వాత అంత చలి ఇక్కడ లేదు. వంతులవారీగా కోత అన్నారు. మా వంతు వచ్చి కూచుంది, ఇక లేవలేదు.

అమెరికాలో తూర్పుకో గ్రిడ్డు, పడమటికో గ్రిడ్డు ఉంటే, టెక్సాస్‌ది మాత్రం వేరు కాపురం. వాషింగ్టన్ పెత్తనం తనకి వద్దంది. వేరు పడ్డా పక్కింటి నుంచి పంచదార అప్పు తెచ్చుకునే దారి ఉంచుకోవాలి కదా, ఆ దారి సన్నం. గ్యాసు బావులూ పవర్ ప్లాంట్లూ గడ్డకట్టేసరికి 45 లక్షల ఇళ్ళు చీకట్లో పడ్డాయి. ఈ గ్రిడ్డుని నడిపే సంస్థ పేరు ఎర్కాట్. మా మామగారు రిటైరైన సోషల్ మాస్టారు. ఆయనకది ‘ఆర్కాట్’ అని వినబడింది.

“ఆర్కాటు నవాబా? కుంఫిణీ దొరల దగ్గర అప్పులు చేసి ఊళ్ళకి ఊళ్ళు తాకట్టు పెట్టినవాడమ్మా. ఆయన చేతికి కరెంటిస్తే ఇలాగే ఏడుస్తుంది!”

అప్పట్నుంచి మా ఇంట్లో అది నవాబుగారి కరెంటే. ఇంకో 4 నిమిషాల 37 సెకన్లలో గ్రిడ్డు మొత్తం కుప్పకూలేదనీ, అదే జరిగితే వారాల తరబడి చీకటేననీ తర్వాత ఆ సంస్థే చెప్పుకుంది. మామగారు విని, “మా స్కూల్లో ప్రేయరుకి అంతకంటే ఎక్కువ సేపు పట్టేది” అన్నారు.

అందరం హాల్లోకి చేరాం. గుమ్మాలకి దుప్పట్లు కట్టాం. అత్తగారి వేషం చూసి తీరాలి: చీర మీద స్వెట్టరు, దాని మీద మా ఆయన పాత కోటు, తలకి మంకీక్యాపు, చేతులకి ఓవెన్‌లోంచి గిన్నెలు దించే గ్లవ్సు. “ఫోటో తీశావంటే ఊరుకోను, తెనాలిలో పరువు పోతుంది” అని, కాసేపాగి, “ఒక్కటి తియ్యి, మా చెల్లెలికి పంపుదాం” అన్నారు. ఫ్రిజ్‌లోంచి పాలు తీస్తూ, “ఇంట్లోకంటే ఇందులోనే వెచ్చగా ఉన్నట్టుందే అమ్మాయ్, తలుపు తీసి ఉంచు” అన్నారు.

ఆ చలికి పెరుగు తోడుకోలేదు. ఆవిడ కొడుకు ఒంటి మీది దూది జాకెట్టు విప్పించి గిన్నెకి చుట్టబెట్టారు.

“నాకంటే పెరుగెక్కువా నీకు?” అన్నాడాయన, పళ్ళు టకటకలాడుతుంటే.

“నువ్వు ఎప్పుడో తోడుకున్నావు నాయనా. దాని సంగతి చూడాలి.”

పెరట్లో మాంసం కాల్చుకునే పొయ్యీ, ఓ బస్తా బొగ్గులూ ఉన్నాయి. కుంపటి చేసి లోపల పెడదామన్నారు అత్తగారు. వద్దన్నాను. గాలి చొరబడని ఇళ్ళివి, బొగ్గు రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది, దానికి వాసనా ఉండదు. ఆ వారం బొగ్గులు లోపల రాజేసీ, గరాజ్‌లో కారు ఆన్ చేసి కూచునీ చనిపోయినవాళ్ళున్నారు. “ఇంత డబ్బు పోసి ఊపిరాడని ఇల్లు కొన్నారా?” అన్నారావిడ. ఈ ప్రశ్నకి మా ఆయన దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

రెండో రాత్రి మామగారికి ఆయాసం ఎక్కువైంది. నెబ్యులైజర్ ఉంది, ప్లగ్గు పెట్టే చోటు లేదు. అంబులెన్సు ఆ మంచులో ఎప్పటికి వస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆ కాసేపూ మా ఇంట్లో ఎవరి నోటా మాట లేదు. ఎదురు వరసలో మాత్రం దీపాలు వెలుగుతున్నాయి, వాళ్ళది ఆసుపత్రి ఉన్న లైను. అందులో ఓ తెలుగువాళ్ళ ఇల్లుంది. మా ఆయన ఒకవైపు, అత్తగారు ఒకవైపు పట్టుకుని, గాజులా గట్టిపడ్డ మంచు మీద అడుగులో అడుగు వేసుకుంటూ ఆయన్ని రోడ్డు దాటించారు. వెనకాల పెట్టె పట్టుకుని నేను. మెషీన్ బుసబుసమని పనిచేసి, ఆయన మొహం తేటపడ్డాక గానీ అత్తగారు నోరు విప్పలేదు.

“సప్తపది తర్వాత మళ్ళీ ఇన్నాళ్ళకి నా చెయ్యి పట్టుకుని నడిచారు. నవాబుగారు చల్లగా ఉండాలి!”

మూతికి తగిలించిన గొట్టం తీసి మరీ మామగారు జవాబిచ్చారు: “ఇంకా చల్లగానా?”

ఆ ఇంటివాళ్ళు మా ఫోన్లన్నీ చార్జింగుకి పెట్టుకున్నారు. రోజూ పొద్దున్నే ఫోన్ల సంచీతో బయల్దేరే మా ఆయనకి అప్పుల అప్పారావని పేరు పెట్టారు మామగారు. ముళ్ళపూడి వెంకటరమణ గారి ‘ఋణానందలహరి’ చదివిన వాళ్ళకి అప్పారావుని పరిచయం చెయ్యక్కర్లేదు. చిన్నప్పుడే తండ్రి పోయి, లేమి అంటే ఏమిటో ఒంటికి పట్టించుకున్న మనిషి ముళ్ళపూడి. అందుకే అప్పు మీద ఆయన రాసిన నవ్వు ఎవరినీ గుచ్చదు. మా అత్తగారిదీ ఆ బాపతే. చలి మీద హాస్యమాడే హక్కు చలిలో కూచున్నవాళ్ళది. ఇండియా నుంచి కొందరు, ‘మీ అమెరికాలో కూడా కరెంటు కోతలా, హహ’ అని పంపారు. మాటలు దాదాపు మేమనుకున్నవే, అయినా మాకు ఒళ్ళు మండింది.

ఇంకో రకం నవ్వు కూడా ఆ వారం చూశాను. మా సెనేటర్ టెడ్ క్రూజ్ గారు ఆ చలిలో కుటుంబంతో మెక్సికోలోని కాన్కూన్ బీచికి విమానమెక్కి, జనం కంటపడి మర్నాడే తిరిగొచ్చారు. రాష్ట్రమంతా జోకులే జోకులు. నేనూ పదిమందికి పంపాను. దానివల్ల కడుపుమంట తీరింది గానీ కాళ్ళు వెచ్చబడలేదు.

ఆ తుఫానులో పోయినవాళ్ళు ప్రభుత్వ లెక్క ప్రకారమే 246 మంది. మా ఆఫీసులో ఒకాయన తాతగారు ఆ వారమే పోయారు. ఆయన ఉన్నచోట నేను పెరుగు కథ ఎత్తను. మామగారికి ఆ ప్లగ్గు దొరక్కపోతే మా ఇంట్లోనూ ఆ కథ ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

కరెంటు వచ్చాక అసలు నష్టం జరిగింది. మంచు కరిగి, పగిలిన గొట్టంలోంచి నీళ్ళు సీలింగు చీల్చుకుని సరిగ్గా ఆవకాయ జాడీ మీద పడ్డాయి. మూత ఎగిరిపోయింది. తడి గరిటె పెడితేనే ఇల్లు పీకి పందిరేసే మనిషి అత్తగారు. జాడీ నిండా నీళ్ళు చూసి నేలమీద కూలబడిపోయారు. అన్ని రోజుల చలిలో రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి.

ఇన్సూరెన్స్ అతను ఫోన్ చేసి పాడైన వస్తువుల జాబితా అడిగాడు. కార్పెట్టు, గోడ, సోఫా, ఆవకాయ. అదేమిటో, ఎప్పుడు కొన్నారో, రసీదు ఉందో లేదో చెప్పమన్నాడు. ఏడాది పాతది కాబట్టి తరుగుదల పోను విలువ కడతానన్నాడు. మా ఆయన ఫోను మూసిపెట్టి తెలుగులో చెప్పాడు.

“తరుగుదలా? ఊరేకొద్దీ రుచి పెరుగుతుంది గానీ తగ్గుతుందట్రా?” అన్నారు అత్తగారు, కళ్ళు తుడుచుకుని. “రసీదంటే... కారం గుంటూరుది, కాయలు ఇక్కడి కొట్లోవి, కలిపిన చేతులు నావి. చేతులకి రసీదు ఎక్కణ్ణుంచి తెమ్మంటాడు?”

చివరికతను ‘ఇతర ఆహార పదార్థాలు’ కింద ఏదో కొంత రాశాడు. ఎంతో చెబితే ఆవిడ కాసేపు ఆలోచించారు.

“ఈ ఎండాకాలం కొత్తది పెట్టాక వాడికో సీసా పంపించు. తిన్నాక రేటు వాడే సవరిస్తాడు.”