రిచ్చీ వీధిలో ఒక శనివారం

చెన్నపట్నంలో గవర్నమెంటు ఎస్టేటు మెట్రో స్టేషనులో దిగి, చింతాద్రిపేట వైపు కొద్దిదూరం నడిస్తే రిచ్చీ వీధి వస్తుంది. పేరుకు ఒక్క వీధే గాని, నరసింగాపురం వీధి, మీరాన్ సాహెబు వీధి, వాటి సందుగొందులు అన్నీ కలిసి ఆ పేరుతోనే చెలామణి అవుతున్నవి. కంప్యూటర్లు రాకముందు ఇక్కడ రేడియో సామాన్లు అమ్మేవారు. ఆదివారం చాలా అంగళ్లకు సెలవు కనుక శనివారంనాడు యిసుక వేస్తే రాలదు.

చింతాద్రిపేట పేరు వెనుక ఒక ముచ్చట వున్నది. 1734లో గవర్నరు జార్జి మార్టన్ పిట్ కూవం నది వంపులో నేతగాళ్లను చేర్చి యీ పేటను కట్టించాడు. అరవంలో ‘తరి’ అంటే మగ్గం. ‘చిన్న తరి పేట’ నోళ్లలో నలిగి చింతాద్రిపేట అయింది. ఆ మగ్గాల చప్పుడు ఏనాడో పోయింది గాని, పక్క వీధుల్లో సన్నపని చేసే చేతులకు నేటికీ కొదువ లేదు.

మేము అక్కడికి పోవలసిన అవసరం ఏమంటారా? మా యింటి కంప్యూటరు 2014లో కొన్నది. మీట నొక్కి, కాఫీ తాగి, పేపరు చదివి వచ్చినా యింకా లేవదు. సరే, ముసలిదైపోయిందని సర్దుకున్నాము. కాని 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టువారు మామూలుగా యిచ్చే రక్షణ సవరణలు ఆపినారు. విండోస్ 11 వేసుకుందామా అంటే, ఇంటెల్ ప్రాసెసరు సాధారణంగా ఎనిమిదవ తరానిదో, తరువాతిదో కావాలి. మాది నాలుగవ తరం. బ్యాంకు లెక్కలు, మా నాయనగారి పెన్షను కాగితాలు దానిమీద చూడడం యిక క్షేమం కాదనిపించింది.

ఇంజనీరింగు చదివే మా అబ్బాయికి యిదే అదను. “నాన్నా, ఎటూ కొంటున్నాము గదా, ఆటలు ఆడేటట్టు కొందాము” అన్నాడు. లక్ష రూపాయల మాట చెవిన పడేసరికి మా యింటావిడ వంటయింట్లో నుంచే, “ఆటకు లక్షా? చెల్లెలి కాలేజీ ఫీజుకు వేసిన ఆర్.డి. అది, గుర్తుందా?” అన్నది. గుమాస్తా బుద్ధి వూరుకోదు కనుక నేను కాగితం తీసి నిలువుగా గీత గీసినాను. ఒక పక్క యింటి అవసరం, రెండవ పక్క ఆట.

చిత్రమేమంటే, ఆట పక్కన ఒక్కటే మిగిలింది. ఆరు కోర్ల రైజెన్ 5 7600 ప్రాసెసరు ఆటకూ కావాలి, అబ్బాయి చదువుకూ కావాలి. 1 టి.బి. ఎన్.వి.ఎం.ఇ. ఎస్.ఎస్.డి. ఎవరు మీట నొక్కినా క్షణాల్లో తెర తెరుస్తుంది. తిరిగే డిస్కు సెకనుకు నూటయాభై మెగాబైట్లు చదివితే, యిది వేలల్లో చదువుతుంది. కేవలం ఆట కోసమే అయినది గ్రాఫిక్స్ కార్డు, 8 జి.బి. ఆర్.టి.ఎక్స్. 5060. ఆ కార్డు ఖరీదులో సగం అబ్బాయి ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన దానిలో నుంచి యివ్వాలని వాళ్లమ్మ తీర్పు చెప్పింది. వాడు కిమ్మనలేదు. మిగతా సగానికి, యింటి భాగానికీ నా పండుగ అడ్వాన్సు, చీటీ డబ్బు సరిపోవాలి, ఆర్.డి. ముట్టరాదని ఒప్పందం.

సంక్రాంతి తరువాతి శనివారం బయలుదేరినాము. నాలుగు అంగళ్లలో కొటేషన్లు రాయించినాము. ఒకచోట అద్దాల పెట్టె, రంగురంగుల దీపాలు చూపించి, పవర్ సప్లై దగ్గర మాత్రం వూరూ పేరూ లేనిది రాసినారు. కంటికి కనబడని ఆ భాగమే తక్కిన అన్నిటికీ కరెంటు పోసేది. అది పాడైతే పక్కవాటినీ పాడుచేయవచ్చు. దీపాలు వద్దని చెప్పి, 650 వాట్లది పేరున్న కంపెనీ సరుకు వేయించుకున్నాము.

అసలు చిక్కు ర్యామ్ దగ్గర వచ్చింది. కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లు మెమరీ చిప్పులను మింగేయడంతో 2025 చివరినుంచి ధరలు ఆకాశానికెక్కినవి. 32 జి.బి. అనుకున్న వాళ్లము ఆ ధర విని ఒకరి మొగం ఒకరు చూసుకున్నాము. “పదహారుది ఒక్కటి వేసి, రెండో గాడి ఖాళీగా వుంచండి సార్. ధర దిగినాక వేసుకోవచ్చు. మా యింట్లోనూ తెలుగేనండి, గుడియాత్తం పక్క” అన్నాడు బల్ల వెనక కుర్రవాడు, అప్పటిదాకా అరవంలో మాట్లాడినవాడు. రెండు వుంటేనే ప్రాసెసరుకు రెండు దారులు తెరుచుకుంటవనీ, ఒక్కటైతే ఆట కొంత మందగిస్తుందనీ మా అబ్బాయి గొణిగినాడు. అది నిజమే. అయినా ఆర్.డి. మాట తలచుకొని వాడే సరేనన్నాడు. ఆ క్షణంలో వాడి భుజం తట్టాలనిపించింది గాని, అంగట్లో బాగుండదని వూరుకున్నాను.

బిల్లు లేకుంటే తగ్గిస్తామన్నవారు లేకపోలేదు. 18 శాతం జి.ఎస్.టి. బరువే. కాని వారంటీ పెట్టె మొత్తానికి వుండదు, భాగం భాగానికీ వేరు. ప్రతి భాగం సీరియల్ నంబరూ బిల్లుమీద రాయించుకున్నాము. పాత డిస్కు అమ్మక, ఫోటోలు వున్నవని కొత్త పెట్టెలోనే రెండవదిగా బిగించమన్నాము. బిగింపు పూర్తి అయ్యేసరికి దీపాలు పెట్టినారు. ఆటోలో పెట్టె అబ్బాయి వొడిలో, తెర నా వొడిలో.

విండోస్‌లో తెలుగు కీబోర్డు కొనవలసిన పని లేకుండానే వున్నది. యీ వ్యాసం దానిమీద కొట్టినదే. బడిలో తమిళం చదివిన మా అబ్బాయి వెనక నిలబడి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ తన సంగతి ఎక్కడ వచ్చిందా అని వెతుకుతున్నాడు.

ఇక కరెంటు. ఆట ఆడేటప్పుడు తెరతో కలిపి సుమారు 300 వాట్లు లాగుతుంది. రోజుకు మూడు గంటలైతే రెండు నెలలకు 54 యూనిట్లు. తమిళనాట రెండు నెలలకు 500 యూనిట్లు దాటితే ధర లెక్కే మారిపోతుందని మీకు తెలియనిది కాదు. మా యింటావిడ మీటరు అంకె కేలండరుమీద రాసిపెట్టింది. పోయినసారి 388 వచ్చిన రీడింగు యీసారి 441. పరీక్షలు అయ్యేదాకా శని, ఆదివారాలే ఆట అని దానికిందనే రాసివున్నది.